అద్దం మూలన మూడో ప్లేటు: నా అనుభవం

చీమకుర్తిలో ఒక కళాశాల గ్రంథాలయంలో నేను పనిచేస్తున్నాను. ఇల్లు ఒంగోలులో. కర్నూలు రోడ్డు మీద రోజూ ఇరవై కిలోమీటర్ల పైచిలుకు కారు నడుపుకుంటూ వెళ్లి, సాయంత్రానికి తిరిగి వస్తాను. గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు మోసే లారీలు, కంకర టిప్పర్లు ఆ రోడ్డు మీద పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. మొన్న మార్చిలో ఒక ఉదయం, పేర్నమిట్ట దాటిన తరువాత, ముందు వెళ్తున్న టిప్పరు జంట చక్రాల సందులో ఇరుక్కున్న రాయి ఒకటి ఎగిరి వచ్చి నా కారు ముందు అద్దానికి తగిలింది. చిటికెన వేలి గోరంత మచ్చ పడింది. ముందు అద్దాన్ని రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి తయారుచేస్తారు కాబట్టి అది పగిలి ఒళ్లో పడలేదు. అయితే పైన ఎండ, లోపల ఏసీ చల్లదనం, ఈ రెండింటి నడుమ వారం తిరిగేసరికి ఆ మచ్చలోంచి ఒక గీత బయలుదేరి ఎడమ పక్క పై మూల దాకా పాకింది. నేను చెప్పదలచుకున్న వస్తువు ఆ మూలనే ఉంది.

నిబంధనల్లో దాన్ని మూడో రిజిస్ట్రేషన్ గుర్తు అంటారు. కారుకు ముందొకటి, వెనుకొకటి నంబరు ప్లేట్లు ఉంటాయని అందరికీ తెలుసు. మూడోది ముందు అద్దానికి లోపలి వైపు, ఎడమ చేతి పక్క, పైభాగాన అంటించే స్టిక్కరు. దాని కొలత 100 మిల్లీమీటర్లు, 60 మిల్లీమీటర్లు. రిజిస్ట్రేషన్ చేసిన కార్యాలయం పేరు, వాహనం నంబరు, ప్లేట్ల మీద లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు దాని మీద ముద్రించి ఉంటాయి. మూలన 10 మిల్లీమీటర్ల చదరపు హోలోగ్రాం ఒకటి మెరుస్తూ ఉంటుంది. డీజిలు బండికి నారింజ రంగు, పెట్రోలుకూ సీఎన్‌జీకీ లేత నీలం, మిగిలిన వాటికి బూడిద రంగు. 2020 అక్టోబరు 1 నుంచి బీఎస్-6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) వాహనాల స్టిక్కర్లకు పై అంచున ఒక సెంటీమీటరు వెడల్పు ఆకుపచ్చ పట్టీ కూడా వచ్చింది. నాది 2021లో కొన్న పెట్రోలు కారు కాబట్టి లేత నీలం మీద ఆకుపచ్చ పట్టీ. దూరం నుంచి రంగు చూసి ఏ ఇంధనమో, ఏ ప్రమాణమో చెప్పవచ్చు. దగ్గరికి వచ్చి చదివితే ఈ ప్లేట్లు ఈ బండివేనా, వేరే బండివి తెచ్చి బిగించారా అన్నది తేలిపోతుంది.

కారు కొన్న రోజున షోరూములో ఆ స్టిక్కరును వాలుగా అంటించారు. ఎడమ అంచు కంటే కుడి అంచు అర వేలు దిగి ఉండేది. ఇంట్లో మరెవరికీ అది పట్టలేదు గానీ, స్టీరింగు ముందు కూర్చున్న ప్రతిసారీ నా చూపు అక్కడికే పోయేది. ఇరవై ఆరేళ్లుగా పుస్తకాల వెన్ను మీద నంబరు చీటీలు అంటిస్తున్నాను. కింది అంచు నుంచి అన్ని చీటీలూ ఒకే ఎత్తులో ఉంటే, అర ముందు నిలబడి కళ్లు ఒక్కసారి అడ్డంగా తిప్పితే చాలు, కావలసిన పుస్తకం దొరుకుతుంది. ఒక్క చీటీ పైకి పోయినా, పక్కకు తిరిగినా, దాని మీద వెడల్పు టేపు వేసి నంబరు మసకబార్చినా, ఆ పుస్తకం కోసం వచ్చిన విద్యార్థి అర అంతా తడమాల్సి వస్తుంది. చీటీ తిన్నగా ఉండటం అందం కోసమని చాలామంది అనుకుంటారు. అది చదివేవాడి కోసం. ఈ మాట నేను మా సహాయకులకు ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు.

స్టిక్కర్ల విషయంలో మన ఇళ్లలో జరిగే అశ్రద్ధ నాకు మొదటి నుంచీ బాధ కలిగిస్తుంది. కొత్త స్టీలు గిన్నె తెచ్చి, ధర చీటీ సగం చింపి, మిగతా సగం జిగురుతో సహా వదిలేసి, అదే గిన్నెలో పప్పు వండుతారు. రెండు చుక్కల కొబ్బరినూనె రాసి అరగంట ఆగి గుడ్డతో తుడిస్తే ఆ జిగురు మొత్తం వచ్చేస్తుంది. ఆ అరగంట ఆగే ఓపిక ఉండదు. ఆరేళ్ల కిందటి ఫ్రిజ్ తలుపు మీద కరెంటు పొదుపు నక్షత్రాల చీటీ మూలలు లేచి, అంచుల వెంట జిడ్డు పట్టి కనిపిస్తూనే ఉంటుంది. కరెంటు మీటరు అద్దం మీద ఎవరో ట్యూషను ప్రకటన అంటించి పోతే, రీడింగు తీసుకునే మనిషి గోటితో గీకి అంకెలు చూసుకోవడం మా వీధిలోనే చూశాను. కొత్త కారు సీట్ల మీది పాలిథీన్ కవర్లను చెమటకు మడతలు పడి చిరిగిపోయేదాకా తీయని వాళ్లున్నారు. తీయవలసిన దాన్ని ఉంచుతాం, ఉంచవలసిన దాన్ని చింపుతాం. నా కారు అద్దం విషయంలో ఈ రెండోదే జరిగింది.

సౌత్ బైపాస్ దగ్గర కారు అద్దాలు మార్చే దుకాణం ఒకటుంది. బీమా కింద మార్పించుకోవచ్చు. అద్దాలకు తరుగుదల కోత కూడా ఉండదు. అయితే తప్పనిసరిగా మనం భరించవలసిన వెయ్యి రూపాయలు, క్లెయిము చేస్తే పోయే బోనసు, రెండూ కలిపి లెక్క వేసుకుని సొంత డబ్బే పెట్టుకున్నాను. పనిచేసే అబ్బాయి నేర్పరి. పాత అద్దం చుట్టూ సన్నటి తీగ దూర్చి జిగురును కోసి, అద్దాన్ని అలాగే పైకి లేపాడు. అప్పుడు నేను స్టిక్కరు చూపించి, దాన్ని జాగ్రత్తగా తీసి కొత్త అద్దానికి మార్చగలవా అని అడిగాను. అతను వేడి గాలి యంత్రం పెట్టి, బ్లేడు అంచుతో మూల లేపాడు. ఆకుపచ్చ పట్టీ ఒక పేలికగా వచ్చింది. నీలం భాగం వేలి గోళ్లంత ముక్కలుగా రాలింది. అంకెల సిరా అద్దం మీదే మిగిలిపోయింది. చేతికి వచ్చిన ముక్కల్లో ఒక్క అంకె కూడా పూర్తిగా లేదు.

“ఇది ముక్కలు ముక్కలుగా వస్తా ఉందమ్మా. ఉన్నకాడికి టేపేసి కొత్తద్దానికి అంటిచ్చేదా?” అన్నాడు.

వద్దన్నాను. తప్పు అతనిది కాదు. తీయబోతే దానంతట అదే చిరిగిపోయేటట్లు ఆ స్టిక్కరును తయారుచేస్తారు. ఒక కారు నుంచి తీసి మరో కారుకు అంటించే వీలుంటే ఇక దానివల్ల ప్రయోజనమే లేదు. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. తెలిసి ఉంటే పాత అద్దం బండి మీద ఉండగానే, లోపలి నుంచీ బయటి నుంచీ, అంకెలన్నీ చదవగలిగేటట్లు ఫొటోలు తీసి పెట్టుకునేదాన్ని. అద్దం మార్పించుకోబోయే వారు ఎవరైనా మొట్టమొదట చేయవలసిన పని అదే.

పాత అద్దంతో పాటు ఫాస్టాగు కూడా పోయింది. అది మాత్రం తొందరగా తేలింది. ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు చెబితే పాతది మూసివేసి అదే ఖాతా మీద కొత్తది పంపారు. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల మీద ఫాస్టాగు తప్పనిసరి అయింది. అద్దానికి అంటించకుండా చేత్తో పట్టుకుని చూపించే వారి దగ్గర రెట్టింపు వసూలు చేయాలని 2024లో రహదారుల సంస్థ ఆదేశాలు కూడా ఇచ్చింది. అద్దం లోపల నడిమధ్య, వెనుక వచ్చే బండ్లను చూసుకునే అద్దం వెనుక దాని చోటు. దాన్ని తిన్నగా అంటించుకున్నాను. ఎడమ మూల మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

“పోనీలే, దాన్ని ఏ పోలీసూ అడగడు. ఊళ్లో సగం బండ్లకు అసలు ఉందో లేదో” అన్నారు మా వారు. ఆయన మాట అబద్ధమేమీ కాదు. కానీ ఏడాదిన్నర కిందట మా కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయిని, బస్సు దిగి రోడ్డు దాటుతుండగా, ఒక ఆటో గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. కాలు రెండు చోట్ల విరిగింది. చూసినవారు ఏడెనిమిది మంది ఉన్నారు. ఆటో వెనుక ఏ హీరో బొమ్మ ఉందో, ఏ రంగు అక్షరాలతో ఏ మాట రాసి ఉందో అందరికీ గుర్తుంది. నంబరు ఒక్కరూ చెప్పలేకపోయారు. ప్లేటు మీద ఒక పక్క జెండా స్టిక్కరు, మరో పక్క వేలాడే నల్ల కుచ్చు ఉన్నాయని, మధ్యలో రెండు అంకెలు మాత్రమే కనిపించాయని వాళ్లలో ఒకాయన చెప్పాడు. గుద్దిన బండి ఏదో తెలిస్తే దాని బీమా సంస్థ నుంచి ట్రిబ్యునలులో న్యాయమైన పరిహారం అడగవచ్చు. బండి తెలియకపోతే, 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం ప్రకారం తీవ్రమైన గాయానికి 50,000 రూపాయలు, ప్రాణం పోతే 2,00,000 రూపాయలు, అంతే. ఆ అమ్మాయి తండ్రి గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిషింగు పని చేస్తాడు. ఆమెకు రెండు ఆపరేషన్లు జరిగాయి. నంబరు ప్లేటు మీద అంటించిన జెండా ఆ కుటుంబానికి ఎంత ఖరీదు అయిందో దగ్గరుండి చూసిన దాన్ని కనుక, నా బండి మూలన ఖాళీని నేను అలా వదిలేయలేకపోయాను.

మొదట కారు కొన్న షోరూముకు వెళ్లాను. అక్కడి అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు గానీ, “మేడమ్, ఈ స్టిక్కరు కావాలని ఇంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదండి. ప్లేట్లు బాగానే ఉన్నాయి గదా, ఇంకేంది?” అన్నాడు. కావాలంటే రెండు ప్లేట్లూ కొత్తవి పెట్టించుకోవాలి, వాటితో పాటే స్టిక్కరు వస్తుంది అని మరొకరు చెప్పారు. చక్కగా ఉన్న రెండు ప్లేట్లను విరిచి తీసి పారేయడం నాకు సమంజసంగా తోచలేదు. రవాణా కార్యాలయానికి వెళితే, అది మా పని కాదు, ప్లేట్లు ఇచ్చిన డీలరునే అడగండి అన్నారు. ఇలా రెండు శనివారాలు గడిచాయి.

మూడో వారం కళాశాలలోనే నాకు దారి దొరికింది. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరు ఉద్యోగాల పరీక్షకు సిద్ధమయ్యే పిల్లల కోసం మేము తెప్పించిన పుస్తకాల్లో 1988 చట్టం, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఉన్నాయి. మధ్యాహ్న విరామంలో యాభయ్యో నిబంధన తీసి చదివాను. అందులో మూడో గుర్తు గురించి స్పష్టంగా ఉంది. మొదటిసారి రిజిస్ట్రేషను ప్లేట్లతో పాటే దాన్ని ఇవ్వాలి. ఆ తరువాత స్టిక్కరు ధ్వంసమైతే ప్లేటు తయారీదారు గానీ, అతని డీలరు గానీ తిరిగి ఇవ్వాలి. కొత్త ప్లేట్లు కొనాలన్న మాట ఎక్కడా లేదు. ఎన్నో ఏళ్లుగా ఆ పుస్తకాన్ని నేనే అరలో సర్దుతున్నాను. తెరిచి ఆ పేజీ చదవడం మాత్రం అదే మొదలు.

అక్కడితో ఆపలేక నిబంధన మొత్తం చదివాను. చదివిన కొద్దీ దాన్ని రాసిన వారి మీద గౌరవం పెరిగింది. ప్లేటు ఒక మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు అయి ఉండాలి. ఎవరికీ గీరుకోకుండా మూలలు గుండ్రంగా ఉండాలి. వెలుగును తిప్పికొట్టే పై పొర కనీసం ఐదేళ్లు చెడకూడదు. క్రోమియం హోలోగ్రామును వేడి ముద్రతో అచ్చు వేయాలే తప్ప స్టిక్కర్లు, జిగురు చీటీలు పనికిరావు. వెనుక ప్లేటును ఒకసారి బిగిస్తే విరిచితే తప్ప ఊడని స్నాప్ లాకుతో అమర్చాలి. ఆ తరువాతి నిబంధనలో అక్షరాల కొలతలు ఉన్నాయి. కారుకైతే అంకె ఎత్తు 65 మిల్లీమీటర్లు, గీత మందం 10, అంకెకూ అంకెకూ మధ్య ఖాళీ 10. మోటారు సైకిలు వెనుక ప్లేటుకు అక్షరం 35, అంకె 40, మందం 7, ఖాళీ 5. ఖాళీకి కూడా కొలత పెట్టారు. అంకెల మధ్య తెలుపు లేకపోతే అంకెను కన్ను విడదీయలేదని తెలిసిన వారే అలా రాయగలరు.

ఆ రెండు పేజీలు జిరాక్సు తీసుకుని మళ్లీ షోరూముకు వెళ్లాను. గొడవ పెట్టుకోవడానికి వెళ్లలేదు. వాళ్లకూ ఉపయోగపడుతుందని ఒక ప్రతి ఇచ్చాను. సర్వీసు విభాగంలో పెద్దాయన ఒకరు నిదానంగా చదివి, “ఉందమ్మా, రాసే ఉంది. ఆర్డరు పెడదాం” అన్నారు. ఆర్‌సీ నకలు, ముందు వెనుక ప్లేట్ల ఫొటోలు, వాటి మీది లేజరు సంఖ్యలు కావాలన్నారు. ముందు ప్లేటుదీ వెనుక ప్లేటుదీ ఒకే సంఖ్య కాదు, వేరువేరు. నంబరు ఒకటే అయినా రేకు వేరు కదా. ఆయన అడిగినవన్నీ తేలికగానే దొరికాయి, వెనుక ప్లేటు మీది లేజరు సంఖ్య తప్ప. అది ప్లేటు ఎడమ పక్క అడుగున ఉంటుంది. నా కారుకు ఆ భాగాన్ని కప్పుతూ ప్లాస్టిక్ ఫ్రేము ఉంది. దాని కింది అంచు మీద అదే షోరూము పేరు, ఫోను నంబరు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. సంఖ్య పైసగం మాత్రమే అంచు మీదుగా కనిపిస్తోంది. అశోక చక్రం హోలోగ్రాం కూడా పై అంచు కింద కొంత దాక్కుంది.

నాలుగేళ్లు ఆ కారును కడిగి తుడిచిన నేను ఆ సంగతి గమనించనే లేదు. స్టిక్కరు వాలును పట్టుకున్న కన్ను దీన్ని ఎలా వదిలేసిందో తెలియదు. ఫ్రేము నల్లగా, శుభ్రంగా, ప్లేటుతో పాటే వచ్చినట్లు అమరి ఉండటం వల్ల అది అడ్డమని అనిపించలేదేమో.

ఫ్రేము తీయాలంటే స్నాప్ లాకు విరవాలి. లాకు విరిస్తే కొత్త ప్లేటు. అందుకని ఆ పెద్దాయనే ఒక ఉపాయం చేశారు. ప్లేటుకూ ఫ్రేము అంచుకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ స్కేలు దూర్చి, దాని మీదుగా హ్యాక్సా బ్లేడు ముక్కతో కింది అంచును మెల్లగా కోశారు. బ్లేడు జారినా గీత స్కేలు మీద పడుతుందే గానీ ప్లేటు పొర మీద పడదు. కోత పూర్తయ్యాక ఫోను నంబరు ఉన్న పట్టీ చేతిలోకి వచ్చేసింది. దాని వెనుక నాలుగేళ్ల ఎర్రమట్టి గట్టిపడి గీతలా నిలిచింది. తడి గుడ్డతో అద్దితే మట్టి కరిగింది, కింద లేజరు సంఖ్య ఒక్కొక్క అంకెగా బయటపడింది. పై అంచును కూడా అలాగే తీయమని అడిగాను. తమ పేరున్న పట్టీని తమ చేత్తోనే కోసి తీయడానికి ఆయన ఏమాత్రం వెనకాడలేదు. ఆ ఔదార్యం నాకు నచ్చింది.

స్టిక్కరు పదకొండు రోజులకు వచ్చింది. డబ్బు పెద్దగా ఏమీ కాలేదు. కవరు విప్పి, ఆర్‌సీ పక్కన పెట్టుకుని, పుస్తకం కార్డును జాబితాతో సరిచూసినట్లే వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివాను. నంబరు సరిపోయింది, ఇంజను నంబరు సరిపోయింది. ఛాసిస్ నంబరు పదిహేడు స్థానాల్లో చివరి నుంచి మూడో అంకె, నాలుగో అంకె తారుమారై ఉన్నాయి. 38 ఉండవలసిన చోట 83 ఉంది. ఛాసిస్ నంబరులో ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలను అసలు వాడరు. ఒకటి, సున్నాలతో పొరపడతారని ముందే తీసేశారు. అంత ముందుచూపుతో కట్టిన సంఖ్య టైపు చేసే చేతి దగ్గర తప్పిపోయింది. అలాగే అంటించుకుని ఉంటే, ఏదో ఒక రోజు ఎవరైనా సరిచూసినప్పుడు నా ప్లేట్లే నావి కావన్న అనుమానం వచ్చేది. వెనక్కి పంపించాను. రెండోది రావడానికి మరో తొమ్మిది రోజులు పట్టింది.

ఈలోగా ఒక శనివారం మాలకొండ వెళ్లి వచ్చాం. అక్కడ లక్ష్మీనరసింహస్వామి దర్శనం శనివారం నాడే దొరుకుతుంది. కొత్త అద్దం వేయించాం కదా, వాహన పూజ కూడా చేయిద్దామని మా వారు అన్నారు. నాకూ ఇష్టమే. కానీ పూజ చేయించిన ప్రతిసారీ ముందు ప్లేటు అంకెల మీద గంధం, కుంకుమ గుండ్రంగా దిద్దుతారు. ఎండకు అది గట్టిపడి సున్నా ఎనిమిదిలా, మూడు కూడా ఎనిమిదిలా కనిపిస్తుంది. బ్లేడుతో గీకినా, థిన్నరుతో తుడిచినా మెరిసే పొర పాడవుతుంది. సబ్బు నీళ్లతో మెత్తటి గుడ్డ తడిపి అద్దుకోవడమే మార్గం. అందుకని ఈసారి పూజారిగారికి ముందే విన్నవించుకున్నాను. “స్వామీ, బొట్టు ప్లేటు మీద కాకుండా బానెట్టు అంచున పెడతారా? నంబరు కనిపించకుండా పోతోంది” అన్నాను. ఆయన ఏమాత్రం అన్యధా అనుకోలేదు. “అట్లాగేనమ్మా, స్వామికి ఎక్కడ పెట్టినా ఒకటే” అని, బానెట్టు మధ్యలో స్వస్తికం వేసి, దాని కింద బొట్టు పెట్టారు. నిమ్మకాయలు, మిరపకాయల దండను కూడా ప్లేటుకు కట్టకుండా బంపరు కింద పక్కగా కట్టించాను. తంగుటూరు టోలు గేటు దగ్గర కొత్త ఫాస్టాగు ఆగకుండా పలికింది.

రెండోసారి వచ్చిన స్టిక్కరులో తప్పులేమీ లేవు. షోరూములో అబ్బాయి దాన్ని తీసుకుని, అద్దం తుడవకుండానే, కాగితం ఒలిచి అంటించబోయాడు. ఒక్క నిమిషం ఆగమన్నాను. ఇది ఒక్కసారే అంటుకునే వస్తువు. వంకరైతే తీసి మళ్లీ అంటించడం కుదరదు. మొదటి స్టిక్కరు వాలును నాలుగేళ్లు చూసిన నేను ఈసారి ఆ పని నా చేత్తోనే చేస్తానని అడిగితే, ఒప్పుకున్నారు.

ముందుగా అద్దం లోపలి వైపు తడి గుడ్డతో, తరువాత పొడి గుడ్డతో రెండు సార్లు తుడిచాను. కారు లోపల ప్లాస్టిక్ వేడెక్కి వచ్చే ఆవిరి అద్దం మీద కంటికి కనిపించని జిడ్డుగా పేరుకుంటుంది. వేలు రాస్తేనే తెలుస్తుంది. పై అంచున అద్దానికి నల్ల చుక్కల పట్టీ ఉంటుంది. ఆ చుక్కల మీద అంటిస్తే స్టిక్కరు సరిగా పట్టదు, గాలి బుడగలు నిలుస్తాయి. అందుకని చుక్కలు ముగిసిన చోటు నుంచి వేలు వెడల్పు కిందికి దిగి, అద్దం బయటి వైపు మాస్కింగు టేపు ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా వేసి మూల కట్టాను. రెండు టేపులూ సరిగ్గా లంబంగా ఉన్నాయో లేదో గ్రంథాలయం నుంచి తెచ్చిన మూలమట్టంతో చూసుకున్నాను. లోపల కూర్చుని, ఒలిచే కాగితాన్ని ఒక అంచున రెండు వేళ్ల వెడల్పు మాత్రమే మడిచి, ఆ అంచును టేపు గీతకు ఆనించాను. తరువాత ఎడమ చేత్తో కాగితం లాగుతూ, కుడి చేత్తో మెత్తటి గుడ్డ చుట్టిన స్కేలును దాని వెనుకే జరుపుతూ వెళ్లాను. గుండె వేగంగా కొట్టుకుంది. బుడగ ఒక్కటీ రాలేదు. బయటికి వచ్చి టేపులు తీసి చూస్తే, ఆకుపచ్చ పట్టీ అద్దం పై అంచుకు సమాంతరంగా, లేత నీలం మీద నల్లటి అంకెలు తిన్నగా, మూలన హోలోగ్రాం ఎండకు రంగులు మారుస్తూ కనిపించాయి. చూస్తూ కాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ అబ్బాయి కూడా వచ్చి పక్కన నిలబడి, “బాగుంది మేడమ్” అన్నాడు. మాస్కింగు టేపు చుట్టను అతనికే ఇచ్చి వచ్చాను.

మా వీధిలో ఇంజనీరింగు చదివే అబ్బాయి ఒకడున్నాడు. వాడి బండి నంబరు 8055. ఇంగ్లిషులో బాస్ అని చదివేటట్లు అంకెలను వంచి రాయించాడు. పైగా ప్లేటును వెనుక చక్రం వైపు మడిచి పెట్టాడు. వాడికి చట్టం చెప్పలేదు. మొదటిసారి 500 రూపాయలు, ఆ తరువాత 1,500 అన్న జరిమానా వాడికీ తెలుసు, కట్టే ఉంటాడు. మా కళాశాల అమ్మాయి సంగతి చెప్పాను. వాడు ఏమీ మాట్లాడలేదు. నాలుగు రోజుల తరువాత సాయంత్రం గేటు దగ్గరికి వచ్చి, “ఆంటీ, ఆ పాత ప్లేటు తీయించేశా. షోరూములో కొత్తది ఆర్డరు పెట్టా. అంకెలు ఎంత ఎత్తు ఉండాలన్నారు?” అని అడిగాడు. నలభై మిల్లీమీటర్లు, మధ్యలో ఐదు ఖాళీ అని చెప్పాను. కంపెనీ ప్లేటులో ఎలాగూ ఆ కొలతే వస్తుంది. అయినా వాడు ఫోనులో రాసుకున్నాడు.

అద్దాల దుకాణం అబ్బాయికి కూడా ఆ జిరాక్సు ప్రతి ఒకటి ఇచ్చి వచ్చాను. ఇప్పుడు అద్దం మార్పించుకోవడానికి ఎవరు వచ్చినా, తీగ దూర్చే ముందు వారి ఫోను అడిగి తీసుకుని, ఎడమ మూల స్టిక్కరుకు తానే రెండు ఫొటోలు తీసి ఇస్తున్నాడట. మొన్న అటుగా వెళ్తూ చూస్తే, ఆ కాగితం గల్లాపెట్టె పైన గోడకు నాలుగు మూలలా టేపుతో అంటించి ఉంది.